లంబసింగి బండి మీద వెళ్తావంట కదా అమ్మలూ

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు, "నువ్వయినా చెప్పక్కా, నీ మాటయితే వింటది, ఆడపిల్లలు నలుగురూ బండ్లేసుకుని లంబసింగి పోవడం ఏంటక్కా, బస్సుల్లేవా కార్లు లేవా" అని. సరేలే నేను చెప్తాలే అని పెట్టేశాను. పెట్టేశాక మీ పెద్నాన్నతో అన్నాను, చూశారా మన పిల్ల అమలాపురం నుంచి లంబసింగి దాకా బండి తోలుకెళ్తదంట అని, అప్పుడు నా మొహం ఎలా ఉందో ఏమో ఆయన నవ్వి ఊరుకున్నారు. కాబట్టి మానేయమని చెప్పట్లేదు. మీ అమ్మ అడిగితే మాత్రం పెద్దమ్మ బాగా తిట్టిందని చెప్పు.

హెల్మెట్, లైసెన్సు, టైర్లలో గాలి, బ్రేకులు, హెడ్‌లైటు ఇవన్నీ నీకు తెలుసు, నేను చెప్పను. హెల్మెట్‌కి ఐఎస్‌ఐ మార్కు ఉండాలి, బెల్టు పెట్టుకోవాలి, అంతే. నేను చెప్పేది ఒంటి మీద ఏం వేసుకోవాలనేదే, ఎందుకంటే నువ్వు ఎనిమిది వేల జాకెట్ ఏదో ఫోటో పెట్టి మీ అమ్మని అడిగావని తెలిసింది, ఆ ఎనిమిది వేలూ నీకు ఎక్కడ అవసరమో అక్కడ పెట్టలేదు నువ్వు.

మనం డెల్టా వాళ్ళం, మనకి చలంటే సంక్రాంతి నెలలో రెండు వారాలు దుప్పటి కప్పుకోవడం. లంబసింగి సముద్రమట్టానికి దగ్గర దగ్గర 1000 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరు డిగ్రీల పైనే తగ్గిపోద్ది, పైగా రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల ఇంకా చల్లబడిపోద్ది, డిసెంబర్ జనవరిల్లో కొన్ని రోజులు సున్నా దగ్గరకి పోతదని పేపర్లో ఏటా చూస్తానే ఉంటాం. అది నిలబడి ఉన్నోడికి. నువ్వు బండి మీద ఉంటావు. 5 డిగ్రీలున్నప్పుడు 60 స్పీడులో పోతే ఒంటికి మైనస్ రెండులా తగులుద్ది. ఒంటి చుట్టూ వెచ్చటి గాలి పొర ఒకటి ఉంటది కదా, దాన్ని ఎదురుగాలి ఎప్పటికప్పుడు ఊడ్చేస్తా ఉంటది, అందుకని. చలి కంటే గాలి, గాలి కంటే తడి, ఈ రెండిటితోనే నీకు పేచీ.

అందుకే మందపాటి స్వెట్టర్ ఒక్కటే వేసుకుంటే లాభం లేదు, అల్లిక కన్నాల్లోంచి గాలి సర్రున దూరిపోద్ది. లోపల ఒంటికి అంటుకుని పల్చటి డ్రైఫిట్ టీషర్టో థర్మలో వేసుకో, దాని మీద స్వెట్టరో ఫ్లీసో, అన్నిటికీ పైన గాలి చొరబడని విండ్ చీటర్. డబ్బుల్లేకపోతే నీ రెయిన్‌కోటే పైన వేసెయ్యి, అది మహా గొప్పగా పనిచేస్తది, కాకపోతే లోపల చెమట పడద్ది, ఆగినప్పుడు జిప్పు తీసి ఆరబెట్టుకోవాలి. కాటన్ బనీన్ మాత్రం వద్దు తల్లీ. మనకి ఎండాకాలం అలవాటు కొద్దీ కాటనే మంచిదనుకుంటాం, చలిలో అది చెమట పీల్చి ఒంటికి అతుక్కుపోయి ఎంతకీ ఆరదు. జీన్స్ కూడా కాటనే, అది గుర్తుపెట్టుకో, ఒక్క జీన్స్ మీద పోతే మోకాళ్ళు కొయ్యబారిపోతాయి, కింద థర్మల్ పాంటు వేసుకో.

నేను ఏఎన్ఎం ఉద్యోగంలో ఉన్నప్పుడు పల్స్ పోలియో ఆదివారాలు సరిగ్గా డిసెంబర్, జనవరిల్లోనే పడేవి. 1995లో మొదలెట్టారు అది. తెల్లారకుండానే టీవీఎస్ ఫిఫ్టీ మీద ముందర వ్యాక్సిన్ డబ్బా, అందులో ఐస్ ప్యాకులు, అసలే చలి అంటే దానికి తోడు మోకాళ్ళ దగ్గర ఐసు, కాలవ గట్టు మీద పొగమంచులో పడి గోదావరి లంకల్లోకి పడవ ఎక్కే రేవు దాకా పోయేదాన్ని. చీర మీద స్వెట్టరు, దాని మీద మీ పెద్నాన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా, చొక్కా లోపల ఈనాడు పేపరు నాలుగు మడతలేసి ఛాతీకి అడ్డం. రేవులో ఆడాళ్ళు "ఏటమ్మా నర్సమ్మగారూ ఈ ఏషం" అని నవ్వేవోళ్ళు, ఆయ్, నవ్వుకోండి, పిల్లలకి చుక్కలేయించండి ముందు, అనేదాన్ని. ఆ పేపరు చిట్కా ఇప్పటికీ పనిచేస్తది, జాకెట్ లోపల ఛాతీ మీద రెండు పేపర్లు పెట్టుకుంటే గాలి ఆగిపోద్ది, తడవకూడదు అంతే.

ఇప్పుడు మీ పెద్నాన్న సంగతి. "పెద్నాన్న కాలవలో పడ్డాడు" అని పండక్కి అందరూ కూర్చుని నవ్వుకుంటారు కదా, నీకూ అంతవరకే తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆయన పూల వ్యాపారం చేసేవారు. కడియపులంక మార్కెట్లో చీకటితోనే చామంతులు, బంతిపూలు, కనకాంబరాలు ఎత్తుకుని రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం తెచ్చి కొట్లకి వేసేవారు. ధనుర్మాసం అంటే గుళ్ళల్లో పొద్దున్నే పూజలు, పూలకి మంచి గిరాకీ, ఆరింటికల్లా సరుకు దిగాలి. పూలు వాడిపోకుండా తడి గోనెపట్టాల్లో చుట్టి వెనకాల కట్టేవారు, దారి పొడుగునా ఆ నీళ్ళు కారి ఆయన నడుం కింద నుంచి పాంటు తడిసిపోయేది. ఆ రోజు వేసుకున్నవి చెప్తాను విను. కాటన్ బనీను, కాటన్ చొక్కా, బజార్లో నేపాలోళ్ళ దగ్గర కొన్న మందపాటి స్వెట్టరు, మంకీ క్యాపు, ఊలు గ్లౌజులు. చూట్టానికి ఎవరెస్టు ఎక్కేవాడిలా ఉన్నారు. గాలి ఆపేది మాత్రం ఒక్కటి లేదు అందులో.

జొన్నాడ దగ్గరే వేళ్ళు తిమ్మిరెక్కాయంట. గౌతమి బ్రిడ్జి మీద గాలి ఎలా కొడతదో నీకు తెలుసు కదా, అక్కడ మంచుకి గ్లౌజులు పూర్తిగా నానిపోయాయి. "బొటనవేలు ఉందో లేదో తెలీలేదే, కిందకి చూసుకుంటే ఉంది" అన్నారు తర్వాత నాతో. రావులపాలెంలో టీ కొట్లు తీసే ఉన్నాయి, పొయ్యి మండతా ఉంది, కొట్టువాడు తెలిసినోడే, చెయ్యి కూడా ఊపాడంట. ఈయన ఆగలేదు. కొత్తపేట దాటితే అయిపోయినట్టే కదా అనుకున్నారంట. కొత్తపేట దాటాక కాలవ గట్టు మీద పొగమంచులోంచి ఎదురుగా సైకిలు, రెండు పక్కలా అరటి గెలలు కట్టుకుని రావులపాలెం మార్కెట్‌కి పోతున్నాడు పాపం, లైటు లేదు. బ్రేకు నొక్కాలని తెలుసు, చెయ్యి బ్రేకు మీదే ఉంది, వేళ్ళు ముడుచుకోలేదు. అంతే అమ్మలూ. వేళ్ళు ముడుచుకోలేదు. కాలి బ్రేకు తొక్కితే మంచుతడికి వెనక చక్రం జారిపోయింది, బండీ మనిషీ పూలూ కాలవలోకి. గెలల అబ్బాయి సైకిలు పడేసి దూకి లాగాడు కాబట్టి ఇవాళ నీకు ఈ పెద్నాన్న ఉన్నాడు.

కాలర్ బోన్ విరిగింది. అది అతుక్కుంది. గట్టు మీద జనం మంచి మనసుతోనే గడ్డి పోగేసి మంట వేసి ఈయన చేతులు పట్టుకుని మంట దగ్గర పెట్టారు, స్పర్శ లేదు కదా, కాల్తందని తెలీలేదు, రెండు వేళ్ళు బొబ్బలెక్కిపోయాయి. నేను వెళ్ళేటప్పటికి ఆస్పత్రిలో ఇంకో చేతి గ్లౌజు ఊడిరావట్లేదని కత్తెరతో కోస్తున్నారు, లోపల వేళ్ళు తెల్లగా సున్నం పూసినట్టు. ఎముక కంటే ఆ బొబ్బలే ఎక్కువ రోజులు పీడించాయి ఆయన్ని, కట్లు కట్టింది నేనే. నాకు ఇప్పటికీ కోపం ఎక్కడంటే పడిపోయినందుకు కాదు, ఆ టీ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆగనందుకు. చామంతులకి ఆలస్యమైపోద్దంట! ఆ చామంతులు కాలవలో తేలుకుంటా మా కంటే ముందే అమలాపురం చేరుంటాయి.

కాబట్టి నీ డబ్బులు చేతుల మీద పెట్టు. చలికి ఒళ్ళు ముందు గుండెనీ ఊపిరితిత్తుల్నీ కాపాడుకుంటది, వేళ్ళకి పోయే రక్తం తగ్గించేస్తది, అందుకే ముందు పోయేవి చేతులూ కాళ్ళే. ఛాతీ, మెడ వెచ్చగా ఉంటేనే చేతులకి రక్తం వస్తది, ఉత్త గ్లౌజులతో పని జరగదు. గ్లౌజులు గాలి, నీళ్ళు దూరనివి కొను, కొంచెం వదులుగా, లోపల ఇంకో పల్చటివి పట్టేట్టు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, ఇంకా చల్లబడిపోతాయి. కాళ్ళకీ అంతే, రెండు జతల సాక్సులు ఇరికించి బూట్లు బిగించుకోకు. చేతుల మీద పాలిథిన్ కవర్లు తొడుక్కునేవాళ్ళుంటారు, బ్రేకు లీవర్ మీద జారిపోతాయి, వద్దు. ఒక పొడి జత బ్యాగులో ఉంచు. బండి ఆపినప్పుడల్లా గ్లౌజు తీసి బొటనవేలితో చిటికెనవేలిని ముట్టుకో, అందకపోయినా తడబడినా ఇంక బండి ఎక్కొద్దు, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చో, వేడిగా ఏదైనా తాగు. సైలెన్సర్ మీదా మంట మీదా పెట్టకు. లంబసింగిలో ఎక్కడ చూసినా చలిమంటలే, ఫోటోల కోసం ముందుకి ముందుకి జరక్కండి.

చున్నీ వేసుకోకు. ఇది సలహా కాదు, ఒట్టు. ఉద్యోగంలో ఉండగా చున్నీ చక్రంలో పడి వచ్చిన పిల్లని ఒకదాన్ని చూశాను, ఆ వివరాలు రాయను, నువ్వు వేసుకోకు. శాలువా కూడా అంతే. మఫ్లర్ అయితే చివర్లు జాకెట్ లోపలికి దోపెయ్యి, లేదంటే మెడకి గొట్టంలా తొడుక్కునేవి వచ్చాయి కదా అవి మేలు. జడ కూడా లోపలికే. వెనక కూర్చునే పిల్లకి కూడా ఇవన్నీ చెప్పు, వెనకాల కదలకుండా కూర్చునే దానికీ బాగా చలేస్తది, నిద్ర కూడా తూగుద్ది, గంటకోసారి మారండి. మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టొద్దు, హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, లోపలకి పల్చటి బాలక్లావా చాలు, అదే తలా మెడా కప్పే పల్చటి తొడుగు. అద్దం మీద ఆవిరి పడితే రెండు చుక్కలు గిన్నెల సబ్బు లోపల రాసి పొడిగుడ్డతో తుడిచెయ్యి, నడిచేటప్పుడు అద్దం కొంచెం తెరిచి ఉంచు. నల్లద్దం అసలొద్దు, మంచులో ఏమీ కనపడదు.

ఇంకోటి, నీకు చెప్పాలంటే నాకే సిగ్గు కానీ నర్సుని కాబట్టి చెప్తాను, బాత్రూం ఎక్కడ దొరుకుద్దో అని నీళ్ళు తాగడం మానేస్తారు మీరు, మేమూ అలాగే చేసేవాళ్ళం. నీళ్ళు తగ్గితే ఒళ్ళు నీరసించిపోద్ది. కాకినాడ, అన్నవరం, తుని, నర్సీపట్నం, దారిపొడుగునా పెట్రోల్ బంకులున్నాయి, ఆగండి. మీ అమ్మ తేగలు కాల్చి ఇస్తానంటే కాదనకు, జేబులో పెట్టుకో.

అసలు అర్ధరాత్రి బయలుదేరి తెల్లారేసరికి మంచు చూద్దామనేది ఎవరి బుర్రలో పుట్టింది? దగ్గర దగ్గర రెండొందల కిలోమీటర్లు, నిద్రమొహాలతో, ముందు యానాం బ్రిడ్జి, ఆ తర్వాత సముద్రం గాలి, ఆఖర్న ఒళ్ళంతా అలిసిపోయాక ఘాట్ రోడ్డు, అదీ సరిగ్గా తెల్లారే ముందు చలి అన్నిటికంటే ఎక్కువున్న టైములో. మధ్యాహ్నం బయలుదేరి రాత్రికి నర్సీపట్నంలో పడుకోండి, తెల్లారగట్ల ఘాట్ ఒక్కటే ఎక్కండి. రూముకయ్యే డబ్బులు నేనిస్తాను. పది దాటాక కిందకి దిగుతుంటే మళ్ళీ ఎండ చురుక్కుమంటది, తీసిన జాకెట్లు పెట్టుకోవడానికి బ్యాగులో చోటు ఉంచుకోండి, హ్యాండిల్‌కి వేలాడదీయకండి.

ముందు ఈ ఆదివారం తెల్లారగట్ల ఐదింటికి, అన్నీ వేసుకుని, అవే గ్లౌజులు అవే బూట్లు, ఒకసారి యానాం బ్రిడ్జి దాకా పోయి రా. ఎక్కడ గాలి దూరుతుందో అక్కడే తెలిసిపోద్ది, నడుం దగ్గరా మణికట్టు దగ్గరా ఎక్కువ దూరుద్ది. గ్లౌజులు ఆన్‌లైన్లో కొనకు, కాకినాడలో షాపుకెళ్ళి తొడుక్కుని నీ బండి బ్రేకు, క్లచ్చు పట్టుకుని చూసి కొనుక్కో, డబ్బులు ఫోన్‌పే చేశాను, మిగిలితే తిరిగివ్వక్కర్లేదు.

నాకు స్ట్రాబెర్రీలు తెస్తానన్నావంట, బ్యాగులో చితికి నీ స్వెట్టర్లకి అంటుకుంటాయి, వద్దు. మీ పెద్నాన్న మాత్రం చింతపల్లి కాఫీ పొడి అరకేజీ తెమ్మన్నారు.

పెద్దమ్మ