డౌన్ పేమెంట్ కోసం అత్యవసర నిధిని ముట్టుకోకండి

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 35. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 68 వేలు వస్తుంది. ఇంటి అద్దె, పాప బడి ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 42 వేలు. దసరాకు ఇంటికి కారు రావాలని 11 వేలు కట్టి బుక్ చేశాను. రుణం, బీమా తమ దగ్గరే తీసుకుంటే 30 వేలు తగ్గిస్తామని, అప్పుడు ఆన్‌రోడ్ ధర 12,40,000 అవుతుందని డీలరు చెబుతున్నారు. 9 లక్షలు 10.5 శాతం వడ్డీకి ఏడేళ్ల రుణం ఇప్పిస్తారట. డౌన్ పేమెంటుకు నా దగ్గరున్న 2,20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి, మిగిలిన 1,20,000 రెండేళ్ల వ్యక్తిగత రుణం 18 శాతానికి తీసుకుందామనుకుంటున్నాను. ఈ ధర న్యాయమైనదేనా? ఇంకెంత తగ్గించమని అడగవచ్చు?

జవాబు: మీరు ధర గురించి అడిగారు కానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంఖ్య 12,40,000 కాదు, 2,20,000. మీ కుటుంబానికి ఉన్న మొత్తం నిల్వ అదే. నెలకు 42 వేల ఖర్చుతో లెక్క వేస్తే అది ఐదు నెలల తిండి, అద్దె, బడి ఫీజు. ఆ సొమ్మును షోరూం కౌంటరు దగ్గర కట్టేసి, దానిపైన మరో అప్పు చేసి కారు ఇంటికి తెచ్చుకునే వారి ఉత్తరాలు నాకు తరచుగా వస్తున్నాయి కాబట్టే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ కొటేషన్ చూద్దాం. మీరు పంపిన కాగితంలో ఎక్స్‌షోరూం ధర (లైఫ్ ట్యాక్సు, బీమా వంటివి కలపక ముందు కారు ధర) 9,80,000, లైఫ్ ట్యాక్సు 14 శాతం చొప్పున 1,37,200, బీమా 58,800, పొడిగించిన వారంటీ 21,500, యాక్సెసరీల కిట్ 37,000, పెయింట్ కోటింగ్ 16,500, హ్యాండ్లింగ్ చార్జీలు 15,000, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ వగైరా 4,000 కలిపి 12,70,000 ఉంది. దానిలోంచి 30 వేలు కొట్టేసి, 12,40,000 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి ఇచ్చారు. కిట్, కోటింగ్, హ్యాండ్లింగ్ చార్జీలు మూడూ కలిపితే 68,500 అవుతుంది. అంటే మీరు అడగని వాటికి 68,500 కలిపి, అందులోంచే 30 వేలు తిరిగి ఇస్తున్నారన్నమాట. హ్యాండ్లింగ్ చార్జీ పన్ను కాదు, ప్రభుత్వానికి చేరే రుసుము కాదు. కారును గోదాము నుంచి షోరూంకు తెచ్చే పని డీలరు వ్యాపారంలో భాగం. ఆ వరుసను కొట్టేయమని గట్టిగా అడగండి. కిట్‌లో వస్తువు వస్తువుకూ విడిగా ధర రాయించుకుని, మీకు కావలసిన మ్యాట్లూ మడ్‌ఫ్లాపులూ మాత్రం ఉంచుకోండి. పొడిగించిన వారంటీని ఆ రోజే తీసుకోవలసిన అవసరం లేదు. మామూలు వారంటీ గడువులోపు ఎప్పుడైనా తీసుకునే వీలు చాలా కంపెనీలు ఇస్తున్నాయి.

బీమా విషయంలో మిమ్మల్ని భయపెట్టినట్టున్నారు. బయట తీసుకుంటే క్యాష్‌లెస్, అంటే మరమ్మతు బిల్లును బీమా కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకు కట్టే సౌకర్యం, వర్తించదని చెప్పారని రాశారు. క్యాష్‌లెస్ అనేది ఆ బీమా కంపెనీకి, మీ కారును బాగుచేసే వర్క్‌షాపుకు మధ్య ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది కానీ, పాలసీ ఎవరు అమ్మారన్నదాన్ని బట్టి కాదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) తప్పనిసరి, దాని ప్రీమియం ఎక్కడ తీసుకున్నా ఒకటే. తేడా అంతా మీ కారుకు జరిగే నష్టానికి తీసుకునే సొంత నష్టం బీమాలోనూ, జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదలను కోత పెట్టకుండా చెల్లించేది) వంటి అదనపు రక్షణల్లోనూ ఉంటుంది. కారుకు అదే బీమా విలువ కట్టి, అవే అదనపు రక్షణలతో రెండు మూడు కంపెనీల నుంచి ప్రీమియం లెక్కలు తీసుకుని, వాటిని బల్ల మీద పెట్టి మాట్లాడండి.

రుణం సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. మీ జీతం పడే బ్యాంకు 9.2 శాతానికి ఇస్తానన్నదని మీరే రాశారు. 9 లక్షలకు ఏడేళ్లలో 10.5 శాతం వడ్డీతో నెల వాయిదా సుమారు 15,175 అయితే, 9.2 శాతంతో సుమారు 14,570. నెలకు 600 తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ 84 నెలలకు అది 50 వేలు దాటుతుంది. 30 వేల తగ్గింపు కోసం 50 వేల అదనపు వడ్డీ కట్టడానికి ఒప్పుకోవడం బేరం కాదు. షోరూంలో మాట నెల వాయిదా మీదికి మళ్లిన ప్రతిసారీ దాన్ని తిరిగి ఆన్‌రోడ్ ధర మీదికి తీసుకురండి, ఎందుకంటే గడువును సాగదీస్తే ఏ ధరనైనా చిన్న వాయిదాగా చూపించవచ్చు.

ఇంకో 40 వేలు వేస్తే పై వేరియంట్ వస్తుందన్న మాటకు కూడా లొంగకండి. ఎక్స్‌షోరూం ధర 10 లక్షలు దాటగానే తెలంగాణలో లైఫ్ ట్యాక్సు శాతమే పెరుగుతుంది, అదీ మొత్తం ధర మీద. దానివల్లనే 30 వేలకు పైగా భారం పడుతుంది. దానికి తోడు ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలరు వసూలు చేసే ఆదాయపు పన్ను) చేతినుంచి కట్టాలి. అది తర్వాత ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ, ఆ రోజుకు మాత్రం మీ జేబులోంచే పోతుంది. అలాగే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గడం వల్ల దిగిన ధరను డీలరు తన రాయితీగా చూపిస్తే ఒప్పుకోకండి.

హనుమకొండలోనే కాక కరీంనగర్, హైదరాబాదుల్లోని అదే కంపెనీ డీలర్ల నుంచి కూడా వరుసలవారీగా రాతపూర్వక కొటేషన్లు తెప్పించుకోండి. కారు ఛాసిస్ నంబరు, తయారీ నెల చూడకుండా పూర్తి సొమ్ము కట్టకండి. పండగ ముందు గిరాకీ ఎక్కువ, డిసెంబరులో పాత సంవత్సరం కార్లను వదిలించుకోవాలన్న తొందర డీలరుకు ఎక్కువ. అయితే అప్పుడు కొన్న కారు తయారీ సంవత్సరం వల్ల రేపు అమ్మేటప్పుడు ధర కొంత తగ్గుతుందని గుర్తుంచుకోండి. విజయదశమి నాడు కొత్త బండికి పూజ చేయాలన్న మీ కోరికను నేను తప్పు పట్టను. కానీ ఆ తేదీ మీకు ఎంత ముఖ్యమో సేల్స్ ప్రతినిధికి తెలిసిన క్షణం నుంచి బేరం ఆయన చేతిలో ఉంటుంది. కొనకుండా లేచి ఇంటికి వెళ్లిపోగలిగిన వాడికే తగ్గింపు దొరుకుతుంది, లేచి వెళ్లే ధైర్యం చేతిలో నిల్వ ఉన్నవాడికే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ప్రణాళిక ప్రకారం కారు వాయిదా 15,175, వ్యక్తిగత రుణం వాయిదా సుమారు 6,000 కలిపి నెలకు 21 వేలు దాటుతుంది. ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 26 వేలు. మిగతా ఐదు వేల లోపు సొమ్ముతో పెట్రోలు పోయించాలి, సర్వీసింగ్ చేయించాలి, ఏటా బీమా కట్టాలి. నిల్వ సున్నా. డౌన్ పేమెంటు కోసం వ్యక్తిగత రుణం తీసుకోవడమంటే, కారులో మీ సొంత సొమ్ము ఉండాలన్న బ్యాంకు నియమాన్ని 18 శాతం వడ్డీ కట్టి మరీ దాటవేయడమే. ఇది ఏ పరిస్థితిలోనూ చేయకండి. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడమూ అంతే.

మూడేళ్ల కిందట ఒక దంపతులు నా దగ్గరకు వచ్చారు. ఆయన కారు తాళం నా బల్ల మీద పెట్టి, దీన్ని అమ్మేస్తే అప్పు తీరుతుందా అని అడిగారు. డౌన్ పేమెంటుకు నిల్వ అంతా ఇచ్చేసిన ఎనిమిదో నెలలో ఉద్యోగం పోయింది, అదే నెలలో వాళ్ల నాన్నగారు ఆసుపత్రిలో చేరారు, బిల్లు క్రెడిట్ కార్డుతో కట్టారు. రుణం బాకీ 7,30,000 ఉంటే పాత కార్ల వ్యాపారి 5,90,000 కన్నా ఎక్కువ ఇవ్వనన్నాడు. ఆమె అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు, చేతిలోని బ్యాంకు స్టేట్‌మెంటును మడుస్తూ, విప్పుతూ కూర్చున్నారు. కారు పోయింది, దాని మీద లక్షా 40 వేల అప్పు మిగిలింది. వారి దగ్గర ఆరు నెలల ఖర్చు విడిగా ఉండి ఉంటే కారును అమ్మే పనే లేదు.

అందుచేత మీ డిపాజిట్‌ను కదల్చకుండా, దానికి మరో 32 వేలు కలిపి 2,52,000 చేయండి. అది మీ ఆరు నెలల అత్యవసర నిధి, కారుకు దానితో ఏ సంబంధమూ లేదు. టర్మ్ పాలసీ (గడువులోపు మీకు ఏమైనా అయితే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) లేదని రాశారు, ఏ రుణం మీదా సంతకం పెట్టకముందే కోటి రూపాయలకు తీసుకోండి. ఆ తర్వాత నెలకు 20 వేల చొప్పున ఏడాది పాటు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వడ్డీ కాక అసలు సొమ్మే 2,40,000 అవుతుంది, వాయిదా కట్టగల శక్తి మీకుందో లేదో కూడా ఆ ఏడాదిలో తేలిపోతుంది. ఎక్స్‌షోరూం 7 లక్షల లోపు కారుకు ఆ సొమ్ము కట్టి, 6 లక్షలు ఐదేళ్లకు 9.2 శాతానికి తీసుకుంటే వాయిదా 12,500 దగ్గర ఉంటుంది, పెట్రోలుకూ సర్వీసింగుకూ ఇబ్బంది ఉండదు. అంతవరకు ఆగలేకపోతే తక్కువ తిరిగిన పాత కారు కూడా ఆలోచించదగినదే.

ఈ వారంలోనే బుకింగ్ రసీదు వెనుక ఉన్న రద్దు నిబంధనలు చదివి, 11 వేలు వాపసు ఇవ్వమని డీలరుకు ఈమెయిల్ రాయండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి.