స్టాఫ్ నర్సుగా చేరుతున్న చెల్లికి ఎలాంటి వాచీ కొనాలి?

మీ చెల్లెలు విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరుతోందని, రెండు వేలలో వాచీ కొనాలని, తను స్మార్ట్ వాచీ అంటుంటే మీ నాన్నగారు బంగారు రంగు చైను వాచీ అంటున్నారని రాశారు. నన్నడిగితే రెండూ వద్దండి. పెద్ద అంకెలు, డయల్ మధ్యలోంచి తిరిగే పొడవాటి సెకన్ల ముల్లు, నీళ్లలో నానినా పాడవని రబ్బరు బెల్టు ఉన్న మామూలు ముళ్ల వాచీ తీసుకోండి. మీరనుకున్న డబ్బులో కొంత మిగులుతుంది కూడా.

నేను గుంటూరు కొత్తపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం మొదలుపెట్టాను, ఇప్పుడు విజయవాడలో వార్డు ఇన్‌ఛార్జిని. కొత్తగా చేరే పిల్లల చేతికి ఏ వాచీ ఉందో అలవాటుగా చూస్తుంటాను. టైము ఎంతయిందో తెలుసుకోవాలంటే గోడ గడియారం ఉంది, కంప్యూటర్ ఉంది, జేబులో ఫోను ఉంది. నర్సుకి వాచీ కావాల్సింది ఒక్క నిమిషాన్ని కొలవడానికి. వైటల్స్, అంటే పల్స్, ఊపిరి, బీపీ, జ్వరం లాంటివి చూడ్డంలో సగం ఆ నిమిషం మీదే నడుస్తుంది.

పల్స్ సంగతి మీ చెల్లికి తెలిసే ఉంటుంది. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, సమంగా కొట్టుకుంటుంటే 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తాం. తడబడుతుంటే నిండా నిమిషం లెక్కపెట్టాల్సిందే. అసలు పరీక్ష రెస్పిరేషన్ దగ్గర. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీసే తీరే మారిపోతుంది. అందుకని పల్స్ చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, ఆ చేతిని రోగి ఛాతీ మీదికి తెచ్చి, చూపు ఛాతీ మీద ఉంచి లెక్కపెడతాం. అప్పుడు మన వాచీ సరిగ్గా కళ్ల కిందికి వస్తుంది. ముల్లు 4 దగ్గరుంటే మళ్లీ 4కి వచ్చేదాకా నిమిషం. అర నిమిషం కావాలంటే ఎదురుగా ఉన్న 10 దాకా. వాచీని చదవక్కర్లేదు, ముల్లు ఎక్కడుందో ఓరచూపుకి తెలిసిపోతుంది.

అంకెలు మారే డిజిటల్ వాచీతో ఇక్కడే చిక్కు. మనసులో పదిహేడు, పద్దెనిమిది అని ఊపిరి లెక్కపెడుతుంటే కింద 43, 44, 45 అని అంకెలు మారుతుంటాయి. రెండు లెక్కలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మరీనూ. డిజిటల్ వాచీ వాడేవాళ్లు చాలామంది స్టాప్‌వాచ్ నొక్కి పని కానిస్తారు, కానీ దానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. ఒక చేత్తో రోగి చెయ్యి, ఇంకో చేత్తో చార్టు పట్టుకున్నప్పుడు ఏ వేలితో నొక్కుతాం?

సెలైన్ డ్రిప్ సెట్ చేసేటప్పుడూ ఇంతే. సెలైన్ ఎక్కించే మామూలు గొట్టాల్లో (ఐవీ సెట్లలో) ఎక్కువ వాటికి మిల్లీలీటరుకి 20 చుక్కలు. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో వెళ్లాలంటే 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. అంటే పావు నిమిషానికి పది, పదకొండు. వాచీ ఉన్న చెయ్యి చుక్కలు పడే డ్రిప్ ఛాంబర్ పక్కకి ఎత్తితే చుక్కా, ముల్లూ ఒకే చూపులో పడతాయి. చిన్న చుక్కలు పడే మైక్రో సెట్ అయితే మిల్లీలీటరుకి 60 చుక్కలు కాబట్టి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు, లెక్క కూడా అక్కర్లేదు. సెలైన్‌ని తనే లెక్క ప్రకారం ఎక్కించే మెషిన్లు, ఇన్‌ఫ్యూజన్ పంపులు, ఐసీయూలో ఉంటాయి. జనరల్ వార్డులో ప్రతి మంచానికీ పంపు పెట్టిన ఆసుపత్రి మన వైపు నేనింకా చూడలేదు.

"మానిటర్లు ఉన్నాయి కదా అక్కా" అని కొత్త పిల్లలు నన్నూ అడుగుతారు. మానిటరు మంచిదే. కానీ గుంటూరులో ఉద్యోగం అంటున్నారు కాబట్టి చెప్తున్నాను, మిర్చి, పత్తి చేలల్లో పురుగుమందు కొడుతూ పడిపోయి వచ్చే కేసులు అక్కడ తప్పవు. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ ఐదేసి నిమిషాలకి పల్స్, ఊపిరితిత్తుల్లో స్రావాలు, కంటిపాపలు చూస్తుండాలి. పల్స్ 80 దాటిందా లేదా అన్నదాన్ని బట్టి కూడా తర్వాతి డోసు మారుతుంది. ఆ రోగి ఒళ్లంతా కండరాలు అదురుతుంటాయి, వేలికి పెట్టిన మానిటరు క్లిప్పు (ప్రోబ్) తప్పుడు అంకెలు చూపిస్తుంది. అప్పుడు నమ్మాల్సింది మన వేళ్లనీ, వాచీనే.

పిల్లల వార్డు పడితే ఇంకా జాగ్రత్త కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలల లోపు పిల్లలకి నిమిషానికి 60, రెండు నుంచి పన్నెండు నెలల వాళ్లకి 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, అంత గానీ అంతకు మించి గానీ ఊపిరి తీస్తుంటే వేగంగా తీస్తున్నట్టే. దగ్గుతో వచ్చిన బిడ్డకి న్యుమోనియా ఉందేమో అని అనుమానించేది ఆ అంకెని బట్టే. 48కీ 52కీ మధ్య తేడా పట్టుకోవాలంటే ముల్లు స్పష్టంగా కనపడాలి. లేబర్ రూమ్‌లో, పుట్టిన బిడ్డ ఎలా ఉందో చూసి వేసే ఎప్గార్ స్కోరు కూడా పుట్టిన మొదటి నిమిషానికి ఒకసారి, ఐదో నిమిషానికి ఒకసారి వేయాలి.

ఈ అవసరం ఇప్పటిది కాదులెండి. వాచీలకు సెకన్ల ముల్లు అంతగా లేని కాలంలో, 1707 నాటికే జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు పల్స్ లెక్కపెట్టడానికని సరిగ్గా ఒక్క నిమిషం నడిచే వాచీ చేయించుకున్నాడు.

స్మార్ట్ వాచీ ఎందుకు వద్దంటున్నానంటే, అది కొలిచేది పెట్టుకున్నవాళ్ల గుండెని. రోగి పల్స్ అది చెప్పదు. పైగా రోగి చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడితే తెర ఆరిపోతుంది, వెలగాలంటే చెయ్యి తిప్పాలి. తడి గ్లౌజుతో ముట్టుకుంటే పలకదు. డబుల్ డ్యూటీ పడిన రోజు ఛార్జింగ్ లేకపోతే అంతే సంగతి. మధ్యలో మెసేజ్ వచ్చి మణికట్టు గుయ్యిమంటే లెక్క పోతుంది. వాటిలో తెర ఆరకుండా ఉండేవి, ముళ్ల డయల్ వచ్చేవి ఉన్నాయి, నిజమే. మిగతా ఇబ్బందులు మాత్రం అలాగే ఉంటాయి.

తనకి డిజిటలే ఇష్టమైతే కాసియో ఎఫ్-91డబ్ల్యూ తీసివేయదగ్గది కాదు. 1989 నుంచీ వస్తోంది, 21 గ్రాముల బరువు, సెల్లు ఏళ్ల తరబడి మార్చక్కర్లేదు. సెకన్ల అంకెలు చిన్నవి, రాత్రిపూట లైటు నీరసం. నా ఓటు మాత్రం ముళ్లకే.

ఇక నీళ్లు. చాలామంది పట్టించుకోనిది ఇదే, వాచీలు చచ్చిపోయేదీ ఇందువల్లే. చేతులు సబ్బుతో సరిగ్గా కడిగితే 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్ (శానిటైజర్) రాసుకుంటే 20 నుంచి 30 సెకన్లు. ఇది ప్రతి రోగికి ముందూ వెనకా. వాచీ వెనక 30 మీటర్లు అని ఉంటే ముప్ఫై మీటర్ల లోతుకి వెళ్లొచ్చని కాదు, నాలుగు చినుకులు పడినా ఏమీ కాదని అర్థం. రోజంతా కుళాయి కింద నడవాలంటే కనీసం 50 మీటర్లు, వీలైతే 100 మీటర్లు రాసి ఉన్నది చూడండి. మణికట్టు కూడా కడగాలి కాబట్టి వాచీ తీసి జేబులో వేసుకుని చేతులు కడిగి, వాచీని కూడా తుడిచి పెట్టుకోవడం పద్ధతి. బెల్టు టక్కున ఊడొచ్చేలా ఉండాలని అనేది అందుకే.

తోలు బెల్టు అసలొద్దు. చెమట, సబ్బు, రక్తం, అన్నీ పీల్చుకుంటుంది. మన మే నెల ఎండల్లో ఏసీ లేని వార్డులో నాలుగు రోజులు తిరిగితే దాని వాసన మీరు భరించలేరు. గుడ్డ బెల్టు ఉతకొచ్చు గానీ ఆరదు. సిలికాన్, రెసిన్ అయితే డ్యూటీ దిగాక సబ్బు పెట్టి కడిగేయొచ్చు. నాన్నగారి చైను వాచీ దగ్గరికి వస్తే, ఆ లింకుల సందుల్లో మురికి చేరుతుంది, బ్లీచింగ్ ద్రావణం తగిలితే పూత పోతుంది, గ్లౌజు చిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ముసలివాళ్ల చర్మం తడి కాగితంలా ఉంటుంది. మంచం మీద పక్కకి తిప్పేటప్పుడు చైను అంచు గీసుకుందంటే లేచిపోతుంది. ఆయనకి కొనాలనే ఉంటే కొననివ్వండి, పెళ్లిళ్లకి పెట్టుకుంటుంది.

కొనేముందు ఒక్క ఫోను చేసి ఆ ఆసుపత్రి రూలు కనుక్కోండి. కొన్నిచోట్ల మోచేతి కింద ఏమీ ఉండకూడదంటారు, గాజులు, ఉంగరాలు, వాచీ ఏదీ. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్లలో ఇది గట్టిగా పాటిస్తారు. అలా అయితే పిన్ వాచీ తీసుకోవాలి, యూనిఫామ్ ఛాతీ మీద తలకిందులుగా వేలాడేది. మనం వంగి చూస్తే డయల్ నిటారుగా కనిపిస్తుంది. సిలికాన్ తొడుగున్నది అయితే కడగొచ్చు. దానితో ఇబ్బంది ఏంటంటే, వంగినప్పుడల్లా ఊగుతుంది, ఎత్తుకున్న పసిపిల్లలు ముందు దాన్నే పట్టుకుంటారు. పిన్ను కంటే క్లిప్పు నయం.

ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకండి, చెల్లిని వెంటబెట్టుకుని వెళ్లండి. విజయవాడలో అయితే బీసెంట్ రోడ్డు, గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట వైపు చూడండి. వాచీ తన చేతికి పెట్టి, చెయ్యి చాపి, సెకన్ల ముల్లు ఎక్కడుందో టక్కున చెప్పమనండి. కళ్లు చికిలించిందంటే వద్దు. తెల్ల డయల్ మీద ఎర్ర ముల్లు, నల్ల డయల్ మీద తెల్ల ముల్లు బాగా కనిపిస్తాయి. బంగారు డయల్ మీద బంగారు ముల్లు అసలు కనిపించదు. చుట్టూ అరవై గీతలూ ఉన్నాయా చూడండి. సెకన్ల ముల్లు కింద చిన్న గుండ్రంలో విడిగా ఉన్న మోడళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పనికి రావు. అరచేతుల మధ్య మూసి చీకట్లో ముళ్లు మెరుస్తున్నాయో లేదో చూడండి. ఆ మెరుపు కొంతసేపటికి తగ్గిపోతుంది, లైటు బటన్ ఉంటే ఇంకా మంచిది. లోపలి వరసలో 13 నుంచి 24 అంకెలు ఉంటే చార్టు రాసేటప్పుడు కొత్తలో పనికొస్తాయి. కాసియోలో ఎల్‌ఆర్‌డబ్ల్యూ-200హెచ్ అని ఆడవాళ్ల సైజుది ఒకటుంది, 100 మీటర్లు, రెసిన్ బెల్టు. మా వార్డులో ఇద్దరు ముగ్గురి చేతికి అదే. అలాంటి లక్షణాలుంటే సొనాటా అయినా, టైమెక్స్ అయినా పర్వాలేదు.

కొన్నాక టైము పెట్టేటప్పుడు సెకన్ల ముల్లు 12 మీదికి రాగానే కీ బయటికి లాగి, నిమిషాల ముల్లుని సరిగ్గా గీత మీద పెట్టి, ఫోనులో నిమిషం మారగానే నొక్కమనండి. లేకపోతే నిమిషాల ముల్లు రెండు గీతల మధ్య వేలాడుతూ 10:14 అని రాయాలో 10:15 అని రాయాలో తేలదు. రక్తం ఎక్కించడం మొదలుపెట్టిన టైము, ఇంజెక్షన్ ఇచ్చిన టైము కేస్‌షీటులో రాసి సంతకం పెట్టేది తనే, రేపు ఏదైనా తేడా వస్తే డాక్టరు గారు అడిగేదీ తననే.

ఎంఆర్ఐకి రోగిని తీసుకెళ్లేటప్పుడు వాచీ బయటే వదిలేయాలని చెప్పండి. సెల్లు మార్పించేటప్పుడు రోడ్డు పక్కన కాకుండా వెనక మూత కింది రబ్బరు రింగు కూడా చూసి బిగించే షాపులో ఇవ్వమనండి, లేకపోతే ఆ 100 మీటర్ల మాట ఆ రోజుతో సరి. మిగిలిన డబ్బుతో అదే సైజు బెల్టు ఇంకొకటి కొని పెట్టండి, ముందు తెగేది అదే.