ఏప్రిల్‌లో సైకిల్ మీద శ్రీశైలం వెళ్లాలంటే: మా అనుభవం

"ఏప్రిల్‌లో సామాన్లతో హైదరాబాద్ నుంచి శ్రీశైలం సైకిల్ మీద వెళ్లగలమా?" అని అడిగారు. వెళ్లగలరు. మొత్తం దాదాపు 215 కిలోమీటర్లు. ఘాట్ ఎంత కష్టమన్న దానికన్నా, దాని అడుగుకి ఎన్నింటికి చేరతారన్నదే అసలు లెక్క.

నేనూ మా తమ్ముడూ వెళ్లాం. ఒక్కో సైకిల్‌కి పన్నెండు కిలోల బరువు. మొదటి రాత్రి మన్ననూరులో పడుకున్నాం. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు తీయగానే బయల్దేరాల్సింది, పంచర్ వేసుకుని, టిఫిన్ చేసి కదిలేసరికి ఎనిమిదిన్నర. ఆ ఆలస్యమే మా కొంప ముంచింది.

అడవి కదా, నీడ ఉంటుందనుకున్నాం. నల్లమలలో ఎండాకాలానికి చాలా చెట్లు ఆకు రాల్చేసి మోడులై నిలబడతాయి. మొదట్లో ఇప్పపూల వాసనకి ప్రాణం లేచొచ్చింది. పదకొండుకల్లా బాటిల్లో నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి. (బాటిల్‌కి తడిపిన సాక్సు తొడిగితే నీళ్లు కాస్త చల్లబడతాయి, మేం ఆలస్యంగా చేశాం.)

దోమలపెంట దాటాక దిగుడు మొదలవుతుంది. అది చూసి సంబరపడకండి. శ్రీశైలం డ్యాం నిండు నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, మనం కృష్ణ దాటే వంతెన అంతకన్నా బాగా కింద ఉంటుంది. చుట్టూ కాలిన బండలు, గాలి ఆడదు. మేం అక్కడికి చేరింది ఒంటిగంటకి. ఇంకా దాదాపు 14 కిలోమీటర్లు, అందులో సున్నిపెంట దాకా ఎక్కుడే ఎక్కుడు. ఇద్దరికీ కలిపి మిగిలింది లీటరు నీళ్లు.

మూడు మలుపులు ఎక్కామో లేదో తమ్ముడు సైకిల్ దిగిపోయాడు. "అన్నా, చలేస్తోంది" అన్నాడు. ఆ ఎండలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నల్ల చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తూము కింద నీడలో కూర్చోబెట్టి, మెడకి తడి తువ్వాలు చుట్టి, మిగిలిన నీళ్లలో ఓఆర్ఎస్ కలిపి గుక్క గుక్కగా తాగించాను. గంటన్నరకి తేరుకున్నాడు. అయినా తొక్కనివ్వలేదు, సైకిల్‌తో సహా ఒక ట్రాలీ ఆటోలో పైకి పంపేశాను. ఎండలో ఒంటికి అలా చలేస్తే అది వడదెబ్బకి సూచన, అక్కడితో ఆపేయాలి, పట్టుదలకి పోకూడదు.

మీరు ఆరింటికే గేటు దాటండి. పదిన్నరకల్లా వంతెన దగ్గర ఉండాలి. కుదరకపోతే దోమలపెంటలోనే నీడ పట్టున ఆగి, నాలుగు దాటాక దిగండి. సున్నిపెంట చేరేలోపే చీకటి పడొచ్చు, లైట్లు పెట్టుకోండి. దిగేముందు మనిషికి మూడు లీటర్లు నింపుకోండి, అందులో లీటరు ఓఆర్ఎస్. ఉత్త నీళ్లే తాగితే చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాదు. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టకండి, రిమ్ బ్రేకులైతే వేడికి ట్యూబ్ పేలొచ్చు.

ఆ సాయంత్రం నేను సాక్షి గణపతి గుడి దగ్గరికి చేరేసరికి తమ్ముడు రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు, నా కోసం కొట్టించిన బోండాం చేతిలో పట్టుకుని.