టంకం పెట్టె: లైట్ కత్తి మొన దగ్గర చీకటెందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం స్టార్ వార్స్ సినిమాల్లో వెలిగే ఆ లైట్ కత్తి మీదే. దసరా నాటకాల కాలం కదా, ఎవరైనా హార్మోనియం పెట్టెకు మైకు ఎట్టా కట్టాలని అడుగుతారేమో అనుకున్నా. నేను ఒంగోలు, నెల్లూరు మధ్య 31 ఏళ్లు పద్య నాటకాలకూ చవితి పందిళ్లకూ లైట్లు కట్టినవాణ్ణి. నాకు తెలిసిన కత్తి అట్టకత్తే. పోయిన వేసవిలో మనవడు పట్టు పడితే మూడు లైట్ కత్తులు చేశాను. ఒకటి విరిగింది, ఒకటి కాలింది, మూడోది ఇంకా వెలుగుతోంది. కింది జవాబులన్నీ ఆ మూడు కత్తులు నేర్పినవే.

ప్రశ్న: సార్, నేను కావలిలో డిప్లొమా రెండో ఏడాది చదువుతున్నాను. కాలేజీ ఫంక్షన్‌కి స్టార్ వార్స్ కత్తి చేద్దామని యాక్రిలిక్ గొట్టం తెచ్చి, పిడిలో టార్చి ఎల్‌ఈడీ పెట్టాను. పిడి దగ్గర కళ్లు జిగేల్‌మంటున్నాయి, మొన దగ్గర చీకటి. పైగా ఫ్రెండు కత్తి తగలగానే గొట్టం పటుక్కున విరిగింది. సినిమాలోలాగా చివరిదాకా ఒకేలా వెలగాలంటే ఏం చేయాలి?

జవాబు: అబ్బాయ్, మొదటి సినిమాలో ఆ కత్తి అసలు వెలగనే లేదు. 1977లో వచ్చిన ఆ సినిమాకు రోజర్ క్రిస్టియన్ అనే సెట్ డెకరేటర్ లండన్‌లో ఒక ఫోటో సామాన్ల షాపులో పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడులు చూసి, వాటికి నల్ల పట్టీలు అంటించి కత్తి పిడిగా మార్చాడు. పిడికి పైన ఉన్నది ఒట్టి కర్ర. మూడు పలకల కర్రకు రోడ్డు బోర్డుల మీద వాడే మెరుపు షీటు చుట్టి, మోటారుతో గిరగిరా తిప్పారు. కెమెరా వైపు నుంచి లైటు కొడితే ఆ వెలుగు తిరిగి కెమెరాలోకే వచ్చేది. రాత్రిపూట హైవే మీద నెల్లూరు పోతుంటే ముందు లారీ వెనక అంటించిన ఎర్ర స్టిక్కరు మన హెడ్‌లైటుకు భగ్గుమంటుంది చూశావా, అదే కిటుకు. అదీ చాలక, తర్వాత ఒక్కో ఫ్రేము మీదా రంగు మెరుపు గీసి కలిపారు. సెకనుకు 24 ఫ్రేములు, ఎంత చాకిరో ఆలోచించు. లోపల ఎల్‌ఈడీలు వెలిగే గొట్టాలు నటుల చేతికిచ్చి, ఆ వెలుగు వాళ్ల మొహాల మీద నిజంగా పడేట్టు తీయడం 2015లో వచ్చిన సినిమా నాటి మాట. కాబట్టి నీకు మొదటిసారే కుదరలేదని దిగులు పడకు.

ఇక చీకటి సంగతి. పిడిలో ఒక్క ఎల్‌ఈడీ పెడితే వెలుగు గొట్టంలో పోతూ పోతూ దారి పొడవునా పక్కలకు కారిపోతుంది. కాలువ మొదట్లో వాళ్లు నీళ్లు తోడేసుకుంటే చివరి ఆయకట్టుకు ఏం మిగులుతుంది? అదే నీ కత్తికీ జరిగింది. చవకలో సర్దుకోవాలంటే ఎల్‌ఈడీ మీద వెలుగును సన్నగా పంపే లెన్సు పెట్టు, గొట్టం లోపల పల్చటి తెల్ల ప్లాస్టిక్ షీటు చుట్టు, మొన మూత లోపలివైపు చిన్న అద్దం బిళ్ల అంటించు. చీకటి పూర్తిగా పోదు గానీ ఫోటోలో బాగానే కనిపిస్తుంది.

సరిగ్గా చేయాలంటే మాత్రం గొట్టం పొడవునా ఎల్‌ఈడీ స్ట్రిప్ పోవాలి. డబ్ల్యూఎస్2812బీ అని అడుగు, మీటరుకు 144 ఎల్‌ఈడీలు ఉండేది తీసుకో. వాటిలో ప్రతి దీపానికీ విడిగా ఆజ్ఞ ఇవ్వొచ్చు. బటన్ నొక్కగానే కత్తి పిడి నుంచి మొనదాకా సర్రున పైకి లేచేది దీనివల్లే. రెండు ముక్కలు ఒక్కోటి 90 సెంటీమీటర్లు కోసి, వీపూ వీపూ ఆనించి అంటించు. ఒకే ముక్క పెడితే వెనక్కి తిప్పినప్పుడు కత్తి ఆరిపోయినట్టు కనిపిస్తుంది.

అలా అంటించిన స్ట్రిప్‌ను ఉత్తినే గొట్టంలోకి తోస్తే చుక్కలు చుక్కలుగా వెలిగి, చవితి పందిరి సీరియల్ సెట్టులా ఉంటుంది. కొత్త టీవీకి చుట్టి వచ్చే పల్చటి తెల్ల ఫోము ఉంటుంది కదా, దాన్ని స్ట్రిప్ చుట్టూ ఒక్క చుట్టు చుట్టు. రెండు చుట్లు వద్దు, మందమై వెలుగు చచ్చిపోతుంది. ఒక చివర గట్టి నూలు దారం కట్టి, ఆ దారానికి నట్టు ఒకటి తగిలించి గొట్టంలో జారవిడువు. అవతలి నుంచి దారం పట్టుకుని, లంగాకు బొందు ఎక్కించినట్టు నెమ్మదిగా లాగు. ఫోము మధ్యలో మడత పడితే అక్కడ నల్ల మచ్చ వస్తుంది. నాకు నాలుగుసార్లు వచ్చింది. ఐదోసారి మా ఆవిడ ఫోముకు కాస్త టాల్కం పౌడరు రాసి ఇచ్చింది, జర్రున జారింది.

కరెంటు లెక్క కూడా చూసుకో. రెండు ముక్కల్లో కలిపి దాదాపు 260 ఎల్‌ఈడీలు. పూర్తి తెలుపు వేస్తే ఒక్కోటి 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, అంటే మొత్తం 15 ఆంపియర్లు దాటిపోతుంది. నీలం ఒక్కటే వేస్తే అందులో మూడో వంతు, ఐదు ఆంపియర్ల పైచిలుకు. మొబైల్ ఛార్జర్ తీగలాంటి సన్న వైరు వేశావంటే అది వేడెక్కుతుంది, మొన దగ్గర తెలుపు కాస్తా ఎర్రబారుతుంది. చివరికి పోయేసరికి ఓల్టేజీ పడిపోయి, ముందు నీలం, ఆకుపచ్చ దీపాలు నీరసపడతాయి, ఎరుపు తట్టుకుంటుంది, అందుకని. ఇదీ మళ్లీ చివరి ఆయకట్టు గోలే. స్ట్రిప్ పక్కనే లావు వైరు మొనదాకా తీసుకెళ్లి ఆ చివర కూడా టంకం పెట్టు. దీపాలకు ఆజ్ఞలు మోసే డేటా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వెయ్యడం మర్చిపోకు.

గొట్టం విషయం. యాక్రిలిక్ చూడ్డానికి గాజులా ఉంటుంది, దెబ్బకు గాజులాగే విరుగుతుంది. నా మొదటి కత్తి కూడా అదే గొట్టం, మా వరండా స్తంభానికి తగిలి మూడు ముక్కలైంది. పాలీకార్బొనేట్ తీసుకో. పోలీసుల చేతిలో పారదర్శకంగా ఉండే డాలు దానితో చేసిందే. బయటి కొలత ఒక అంగుళం, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉంటే చాలు. గొట్టం దొరకలేదని పాత గాజు ట్యూబ్‌లైట్లు పట్టుకుని కత్తియుద్ధం చేసే కుర్రాళ్లను కళ్లారా చూశాను. వాటిలో పాదరసం ఉంటుంది. ఆ పని చేస్తే ఇక నాకు ఉత్తరం రాయొద్దు.

ప్రశ్న: మాది ఒంగోలు. మా బాబుకు 11 ఏళ్లు. పుట్టినరోజుకు లైట్ కత్తి కావాలని ఒకటే గొడవ. మా తమ్ముడు చేసి ఇస్తానంటున్నాడు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుందట. పేలుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇవ్వొచ్చా అన్నయ్యా?

జవాబు: ఇవ్వొచ్చమ్మా. కానీ నా రెండో కత్తి ఎట్టా కాలిందో విని, మీ తమ్ముడికి కూడా చెప్పు.

పిడి కోసం నేను వాడింది సింకు కింద ఉండే స్టీలు పైపు ముక్క. చేతికి బరువుగా, చల్లగా, అచ్చం సినిమా పిడిలా ఉంది. అందులో 18650 అనే లిథియం సెల్ పెట్టాను. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసింది, ఊరికే వచ్చింది కదా అని. ఆ సెల్ పైన మొటిమలా ఉన్నది ప్లస్. ఇక్కడే ఒక మెలిక ఉంది. సెల్ ఒళ్లంతా, ఆ మొటిమ చుట్టూ ఉన్న అంచుతో సహా, మైనస్సే. రెండింటి మధ్య ఉన్నది సన్నటి రింగు, పైన తొడిగిన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. నా సెల్‌కు ఆ తొడుగు అంచు దగ్గర గోరంత చిరిగి ఉంది. నేను చూసుకోలేదు. పైపు లోపల ఊగి ఊగి ప్లస్‌కు ఆనించిన రేకు ఆ చిరుగులోకి దిగింది. మనవడు రెండోసారి విసిరేసరికి "తాతా, కాలుతోంది" అన్నాడు. లాక్కుని పెరట్లో ఇసుక కుప్ప మీదకు విసిరేశా. పొగ, కాలిన ప్లాస్టిక్ కంపు, అంతే. పిల్లవాడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

అందుకని మీ తమ్ముడు పాత సెల్ వాడకూడదు. రక్షణ సర్క్యూట్ ఉన్న కొత్త సెల్ కొనాలి, స్ప్రింగు ఉన్న ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టాలి, సెల్ మీద నేరుగా టంకం పెట్టకూడదు. స్టీలు పైపు అయితే లోపల ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. ఛార్జింగ్ 4.2 ఓల్టుల దగ్గర దానంతటదే ఆగే బోర్డు ఉండాలి. అది ఉన్నా సరే, దిండు మీద పెట్టి రాత్రంతా ఛార్జింగ్ చేయనివ్వొద్దు. 3000 ఎంఏహెచ్ సెల్ ఐదు ఆంపియర్లకు లెక్క ప్రకారం 36 నిమిషాలు రావాలి, నాకు అరగంట వస్తోంది. ఒక పుట్టినరోజుకు అరగంట చాలదా?

నిజం చెప్పాలంటే 11 ఏళ్ల వాడికి స్ట్రిప్ కత్తి వద్దనే నా సలహా. వాడు కొడతాడు, కొట్టకుండా ఉండడు. పిడిలో ఒక్క ఎల్‌ఈడీ, మూడు పెన్సిల్ సెల్స్, పైన ఖాళీ పాలీకార్బొనేట్ గొట్టం. గొట్టంలో ఏమీ లేకపోతే విరగడానికీ ఏమీ ఉండదు.

ప్రశ్న: నీలం మంచిదా, ఆకుపచ్చ మంచిదా? ఇంకో డౌటు, కత్తి కాంతి కళ్లకు లేజర్‌లాగా హాని చేస్తుందా? (నెల్లూరు)

జవాబు: ఆరుబయట అయితే ఆకుపచ్చ. మనిషి కంటికి అన్ని రంగుల్లోకీ అదే ఎక్కువ ఆనుతుంది. 1983లో వచ్చిన మూడో సినిమాలో హీరో కత్తిని నీలం నుంచి ఆకుపచ్చకు మార్చింది కూడా, నీలాకాశం ముందు నీలం కత్తి సరిగ్గా ఆనలేదనే. ఇది లేజర్ కాదు, మామూలు ఎల్‌ఈడీ. నిజం లేజర్ అయితే మూడడుగుల దగ్గర ఆగదు, ఎదురింటి గోడదాకా పోతుంది. పిడిలో పెట్టే పవర్ ఎల్‌ఈడీని మాత్రం గొట్టం తీసి నేరుగా చూడొద్దు.

ప్రశ్న: అంకుల్, కత్తి ఊపితే వచ్చే "వూమ్" శబ్దం ఎట్టా తెప్పించాలి? నా దగ్గర ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఉంది. (గూడూరు)

జవాబు: ఆ శబ్దం పుట్టుక చెబితే నీకు నవ్వొస్తుంది. బెన్ బర్ట్ అనే సౌండ్ డిజైనర్ పాత సినిమా ప్రొజెక్టర్ ఖాళీగా తిరిగేటప్పుడు వచ్చే మోటారు రొదను తీసుకున్నాడు. తొడుగు ఊడిన మైకు వైరు టీవీ పక్కగా పోయినప్పుడు పట్టుకున్న జుయ్‌మనే గోలను దానికి కలిపాడు. ఆ రెండూ స్పీకర్లో మోగుతుంటే దాని ముందు మైకు ఊపి మళ్లీ రికార్డు చేశాడు. ఊపు శబ్దం అట్టా వచ్చింది. చిన్నప్పుడు కొత్తపట్నంలో టూరింగ్ టాకీసు ప్రొజెక్టర్ డేరా పక్కన కూర్చుని నేను విన్న రొద ఇదే. ఆ వైరు తొడుగు గోల అయితే నాటకాల స్టేజీ మీద ఎన్నిసార్లు తిట్లు తినిపించిందో! మేం దాన్ని చంపడానికి చూశాం, ఆయన దాచిపెట్టుకున్నాడు.

నీ నానోకు కదలికను పసిగట్టే ఎంపీయూ6050 సెన్సర్, మెమరీ కార్డులోని శబ్దాలు మోగించే డీఎఫ్‌ప్లేయర్ బోర్డు, 3 వాట్ల చిన్న స్పీకర్ కలుపు. రొద ఆగకుండా మోగుతుంటుంది, సెన్సర్ ఊపును పట్టగానే ఊపు శబ్దం రావాలి. ఈ చవక బోర్డుతో ఒక శబ్దం ఆగి ఇంకోటి మొదలయ్యే చోట చిన్న తెగుడు వినిపిస్తుంది. అది భరించలేకపోతే లైట్ కత్తుల కోసమే చేసిన రెడీమేడ్ బోర్డులు ఉన్నాయి, ఖరీదెక్కువ. స్పీకర్‌ను పిడి అడుగున పెట్టి మూతకు బెజ్జాలు వెయ్యి. మూసేస్తే గొంతు నొక్కినట్టుంటుంది.

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా నాటక సమాజం కుర్రాళ్లు ఈసారి కురుక్షేత్రం యుద్ధం సీనులో లైట్ కత్తులు వాడదామంటున్నారు. పాతవాళ్లం ఒప్పుకోలేదు. తగవు మీ దగ్గరికి వచ్చింది. తీర్చండి.

జవాబు: అయ్యా, నన్నెందుకండీ ఇరికిస్తారు? అర్జునుడి చేతికి నీలం లైట్ కత్తి ఇస్తే మీ హార్మోనిస్టు పెట్టె మూసుకుని బస్టాండుకు పోతాడు. పెద్దవాళ్ల పక్షానే తీర్పు చెబుతాను, దానికి నా కారణం వేరే. స్టేజీ మీద ఫోకస్ లైట్లు వేసి ఉంటే ఎల్‌ఈడీ కత్తి వెలవెలబోతుంది, నాలుగో వరసలో వాడికి తెల్ల ప్లాస్టిక్ పైపులా కనిపిస్తుంది. లైట్లన్నీ తీసేస్తే కత్తులు బ్రహ్మాండంగా ఉంటాయి, పద్యం పాడేవాడి మొహం ఉండదు. పద్య నాటకంలో మొహం లేకపోతే ఇంకేం ఉంది?

కుర్రాళ్ల ఉత్సాహాన్ని మాత్రం చంపకండి. అదే రోజు ముందు పావుగంట పిల్లల నాటిక ఒకటి పెట్టించండి, చీకట్లో, నలుగురే పాత్రలు, మాటలు తక్కువ. పిడులకు స్టీలు పైపు వద్దు. మా మూడో కత్తికి ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్లను బతిమాలి 28 సెంటీమీటర్ల పిడి తొలిపించాను. లోపల సెల్ పట్టేంత బోలు, బయట గరిటె కాడలాంటి నునుపు. చెమట చేతికి జారదు, షార్టు భయం లేదు. అప్పటినుంచీ మనవడి చేతిలో నలుగుతోంది. మీ ఊరు సముద్రానికి దగ్గర కాబట్టి టంకం పెట్టిన చోటల్లా గ్లూ గన్‌తో కప్పించండి, లేకపోతే ఉప్పుగాలికి రాగి పచ్చబడిపోతుంది.

తేదీ ఖాయమైతే రాయండి. స్టేజీ లైట్ల వెలుగు పెంచి తగ్గించే పాత డిమ్మర్ పెట్టె తీసుకుని నేనే వస్తాను. బస్సు ఛార్జీలు, రాత్రి భోజనం మీవి.