ట్రాక్టరు వాకిట్లోకి వచ్చే ముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. కడప ఇంటిని బాడుగకు ఇచ్చే ముందు పెరటిలోని కంపను, పాత సామానును ట్రాక్టరుకు ఎత్తించాలనుకుంటున్నట్లు రాశావు. కూలీలు వచ్చి నిలబడిన తరువాత ఏది పోవాలో, ఏది ఉండాలో తర్జనభర్జన పడితే వారి పొద్దూ నీ డబ్బూ వృథా అవుతాయి కాబట్టి, ఆ నిర్ణయం ముందురోజే తీసుకో.

అన్నిటికంటే కంపతోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. గోడ వెంట పెరిగిన సర్కారు తుమ్మ ముల్లు పలుచని చెప్పును దాటి కాలిలో దిగుతుంది, విరిగి లోపలే ఉండిపోతే చీము పడుతుంది. కనుక కొమ్మలను మనిషి ఎత్తుకు మించకుండా నరికించి, మొదళ్ళన్నీ ఒకే వైపు ఉండేలా పేర్పించి, రెండు చోట్ల తాడుతో బిగించి మోపులు కట్టించు. విడిగా వేసిన కంప కొద్దిపాటిదే ట్రాలీ నిండినట్లు కనిపిస్తుంది, నీవు రెండో ట్రిప్పుకు కూడా బాడుగ కట్టవలసి వస్తుంది. లావు మొద్దులను పక్కన పెట్టు. పొయ్యిలోకి అడిగి తీసుకుపోయేవారు ఉంటారు.

బండల కుప్పలో తేళ్ళు ఉంటాయి, ఒక్కోసారి పాములూ ఉంటాయి. చేతులు పెట్టకుండా, అవతలి అంచును కొక్కెంతో నీ వైపుకు లేపితే నీకూ పురుగుకూ మధ్య బండ అడ్డంగా నిలుస్తుంది. పగలని కడప బండలను మాత్రం పారేయవద్దు, అరుగుకు పనికివస్తాయి. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు ఆకులతో కలపకుండా వేరే కుప్పగా ఉంచు.

ఇనుము, అట్టలు పాత సామాన్ల వ్యాపారికి వేయి. ఇన్వర్టరు బ్యాటరీలో ఆమ్లమూ సీసమూ ఉంటాయి గనుక దానిని అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వాలి. పాత రకం ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది, పగలకుండా కాగితంలో చుట్టు. పాత ఫ్రిజ్జును బయట పెట్టేటట్లయితే తలుపు ఊడదీయించు. ఆటలో దూరిన పిల్లలకు లోపల ఊపిరాడదు.

మిగిలిన ఆకులకు నిప్పు పెట్టవద్దు. గుంత తీసి కప్పితే మొక్కలకు ఎరువు అవుతుంది.

ట్రాక్టరు బాడుగ మాట్లాడేటప్పుడే ఎత్తుకూలి అందులో కలిసిందో లేదో, సరుకు ఎక్కడ దించుతారో అడుగు. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి నీకు తెలుసు. చెత్తతో వంకను మనమే పూడ్చకూడదు కనుక, దాని గట్టున పోస్తానంటే, తక్కువకు వచ్చినా ఆ మనిషిని పిలవవద్దు.

మీ పెద్దనాయన