ఒడియాలో చదువుకున్నాను, తెలుగు బైబిల్ అర్థం కావట్లేదు, నాలో పాపం ఉందేమో అని భయంగా ఉంది

ప్రశ్న: అక్కా, మాది గుణుపూర్ దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా ఒడియా మీడియం. పెళ్ళయి పర్లాకిమిడి వచ్చి ఆరేళ్ళయింది, ఇద్దరు పిల్లలు. అత్తారింట్లో రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన ఉంటుంది, వంతులవారీగా బైబిల్ చదవాలి, నా వంతు వచ్చేసరికి గుండె దడ. తెలుగు మాట్లాడతాను గానీ కూడబలుక్కుని చదవాలి, చదివింది బుర్రకెక్కదు. మూడేళ్ళుగా జనవరి ఒకటిన మొదలుపెట్టి ఏడాదిలో బైబిల్ పూర్తి చేద్దామనుకుంటున్నా, లేవీయకాండం దగ్గర ఆగిపోతున్నా. ప్రార్థన కూటంలో ఒకావిడ "మనసులో పాపం ఉంటే వాక్యం తెరుచుకోదు" అంది. అప్పట్నుంచి బైబిల్ తియ్యాలంటేనే భయం. అత్తగారు ఏమీ అనరు, నిట్టూరుస్తారు అంతే. ఆయన పట్టించుకోరు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ కూటంలో ఆవిడ అన్న మాట నీ మనసులోంచి తీసెయ్యి. ఆవిడ మంచిమనసుతోనే అని ఉండొచ్చు, కానీ ఆ మాట తప్పు, నేను గట్టిగానే చెప్తున్నా. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడు ఒకాయన ఉంటాడు, కందాకే రాణి దగ్గర ఖజానా చూసే పెద్ద ఉద్యోగి, యెరూషలేము దాకా వెళ్ళి ఆరాధన చేసుకుని రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ వెనక్కి వెళ్తుంటే సువార్త చెప్పే ఫిలిప్పు పరిగెత్తుకెళ్ళి నువ్వు చదివేది నీకు అర్థమవుతోందా అని అడుగుతాడు. ఎవరూ చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది అన్నాడాయన, సిగ్గుపడకుండా. ఫిలిప్పు నీలో పాపం ఉంది అన్నాడా? రథమెక్కి పక్కన కూర్చుని చెప్పాడు. యేసు శిష్యుడు పేతురైతే తన రెండో పత్రిక 3వ అధ్యాయంలో పౌలు రాసినవాటిలో కొన్ని సంగతులు అర్థం చేసుకోవడం కష్టమని ఒప్పేసుకున్నాడు, మరి పేతురు కంటే మనం గొప్పా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు కనిపించింది భక్తి లోపం కాదమ్మా, భాష ఇబ్బంది. నువ్వు అక్షరాలు నేర్చుకుంది ఒడియాలో, ఇంట్లో మాట్లాడేది మన శ్రీకాకుళం వైపు తెలుగు, మీ అత్తగారి చేతిలో ఉన్న పాత బైబిలేమో గ్రాంథికం, ఎవరూ నోటితో మాట్లాడనిది. మూడు భాషల మధ్య నలిగిపోతున్నావు, పైగా నెత్తిమీద అపరాధభావం ఒకటి. విశాఖపట్నంలో మిషనరీలు, వాళ్ళ దగ్గర పనిచేసిన ఆనందరాయరు కలిసి తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి, మన పాత బైబిల్ భాష వేళ్ళు ఆ కాలంలోవి. నువ్వున్న పర్లాకిమిడిలోనే కదా గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసింది, జనం మాట్లాడే మాటలోనే పుస్తకాలుండాలని జీవితమంతా పోరాడింది, అక్కడి కొండల్లో ఉండే సవరల భాష కూడా నేర్చుకుని వాళ్ళకోసం పుస్తకాలు రాసింది. అదే ఊళ్ళో కూర్చుని నువ్వు భాష అర్థం కాలేదని ఏడవడం నాకు బాధగా ఉంది.

నా సంగతి ఒకటి చెప్తా. చిన్నప్పుడు మార్కు 4వ అధ్యాయంలో యేసు ప్రభువు "దోనె అమరమున" తలగడ మీద నిద్రపోతున్నాడని చదివి, అమరము అంటే అమరత్వం, చావులేనితనం అనుకున్నా, ఏదో ఆత్మీయ మర్మం ఉందనుకుని చాలా ఏళ్ళు అలాగే చదివాను. తర్వాత గోపాల్‌పూర్‌లో చేపలమ్మే ఒక పెద్దావిడని, మన తెలుగే మాట్లాడుతుంది, మాటల్లో అడిగితే "అమరం అంటే పడవ ఎనకభాగం గదమ్మా" అంది. అప్పుడు కనిపించింది నాకు ఆ రాత్రి, పడవ నీళ్ళతో నిండిపోతోంది, శిష్యులు అరుస్తున్నారు, ఆయనేమో రోజంతా జనానికి చెప్పీ చెప్పీ అలిసిపోయి వెనకవైపు దిండేసుకుని పడుకున్నాడు. ఒక్క మాట తెలిసేసరికి ఆ కథంతా నాదైపోయింది. నీకు తెలియని మాటలు కూడా ఇలాంటివే ఎక్కువుంటాయి. సుంకరి అంటే పన్ను వసూలు చేసేవాడు, శతాధిపతి అంటే వందమంది సైనికుల మీద అధికారి, అంతే. ఇందులో మర్మం లేదు.

ఇక లేవీయకాండం సంగతి. బైబిల్లో 1,189 అధ్యాయాలు, ఏడాదిలో అవ్వాలంటే రోజుకి మూడు పైచిలుకు చదవాలి. ఆదికాండం 50, నిర్గమకాండం 40, కలిపి 90, అంటే జనవరి నెలాఖరుకే లేవీయకాండంలో ఉంటావు, అందుకే ప్రతి ఏడాదీ అదే చోట ఆగిపోతున్నావు. బలులు, రక్తం, కుష్ఠు పరీక్షలు, ఏది తినొచ్చు ఏది తినకూడదు, అవన్నీ ఆనాటి ఇశ్రాయేలు జనం కోసం, వాళ్ళ యాజకుల కోసం రాసిన నియమాలు, ఇద్దరు పిల్లల్ని నిద్రపుచ్చి రాత్రి పదింటికి కూర్చున్న మనిషి ఒంటరిగా చదివితే నిద్రే వస్తుంది. నాకూ వచ్చింది. ఈ ఏడాది ఆ ప్లాన్ వదిలెయ్. 66 పుస్తకాలూ వరసగా చదవాలని దేవుడెక్కడా చెప్పలేదు.

మార్కు సువార్తతో మొదలుపెట్టు, 16 అధ్యాయాలే, మొత్తం గట్టిగా చదివినా గంటన్నర. కానీ ముందు ఒడియాలో చదువు! అవును, ఒడియా బైబిల్ తెచ్చుకో, పుట్టింట్లో ఉండే ఉంటుంది. అక్కడ సుసమాచార అని ఉంటుంది, ఇక్కడ సువార్త, అక్కడ గీతసంహిత, ఇక్కడ కీర్తనలు, అక్కడ సదాప్రభు అంటారు, ఇక్కడ యెహోవా. మాట వేరైనా దేవుడు ఒక్కడే, సంగతి ఒక్కటే. ఒడియాలో ఒక కథ చదివి అర్థమయ్యాక అదే కథ తెలుగులో చదివితే సగం పదాలు వాటంతటవే తెలిసిపోతాయి, నేను చాలామందిలో చూశాను. వాడుక భాషలో తెలుగు బైబిళ్ళు కూడా ఉన్నాయి, ఫోన్‌లో యూవెర్షన్ యాప్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు ఒడియా రెండూ ఉంటాయి. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఆ రాత్రి చదవాల్సిన భాగం పెట్టుకుని, తెలుగు ఆడియో వింటూ పుస్తకంలో వరస కింద వేలు పెట్టి చదువు. ఒత్తుల దగ్గర తడబడతావు, పర్వాలేదు, రెండోసారికి నాలుక తిరుగుతుంది.

చదివేటప్పుడు ఒక పెన్సిల్ దగ్గరుంచుకో. అర్థం కానిచోట ప్రశ్న గుర్తు పెట్టి ముందుకెళ్ళిపో, అక్కడే కూర్చోకు. అర్థమైన చోట ఒక గీత గీసుకో. వారం తిరిగేసరికి గీతలే ఎక్కువుంటాయి చూడు. ప్రశ్న గుర్తులు పాస్టర్‌గారికో సండేస్కూల్ చెప్పే టీచర్‌కో చూపించు, నీ రథం పక్కన పరిగెత్తుకొచ్చే ఫిలిప్పు నీ ఊళ్ళోనే ఎవరో ఉంటారు, పిలవాలి అంతే. మార్కు అయ్యాక కొన్ని కీర్తనలు, తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 4 అధ్యాయాలే, పౌలు ఖైదులో ఉండి రాసింది, ఉత్తరం కాబట్టి ఉత్తరం చదివినట్టు ఒక్క ఊపులో చదివెయ్. ప్రకటన గ్రంథం ఇప్పుడు ముట్టుకోకు, దాని మీద యూట్యూబ్‌లో భయపెట్టే వీడియోలు అసలే చూడకు.

ఇంకోటి, చదివితే తలనొప్పి వస్తోందా, అక్షరాలు మసగ్గా ఉంటున్నాయా? ఒకసారి కళ్ళు చూపించుకో, అద్దాలు లేక చదవలేక దేవుణ్ణి క్షమాపణ అడిగేవాళ్ళని నేను చూశాను.

అత్తగారి నిట్టూర్పు గురించి, అది నీ మీద కోపమని నువ్వు ఊహించుకుంటున్నావేమో, అడిగి చూశావా? ఆవిడకి నీ భయం సంగతే తెలిసుండదు. రేపు వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు, "అత్తా, నాకు ఒడియాలో చదివితే అర్థమవుతాది, తెలుగు నెమ్మదిగా నేర్చుకుంటాను, నా వంతు రోజు నాను ఒడియాలో చదువుతాను, మీరు అదే తెలుగులో చదవండి" అని. నీ పిల్లలు బళ్ళో ఒడియా చదివితే వాళ్ళకీ ఇది మంచిదే. నెహెమ్యా 8వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి, చెరనుంచి తిరిగొచ్చిన జనానికి ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతుంటే లేవీయులు, అంటే దేవాలయ సేవ చేసేవాళ్ళు, జనానికి అర్థం విడమరిచి చెప్పారు, జనం వింటూ ఏడుస్తుంటే ఏడవకండి, వెళ్ళి మంచి భోజనం చెయ్యండి, లేనివాళ్ళకీ పంపించండి అన్నారు. మీ ఆయన్ని కూడా పిలువు, రాకపోతే బలవంతపెట్టకు, పక్కగదిలోంచి వింటాడు.

మార్కు 4వ అధ్యాయానికి వచ్చాక ఆ పడవ కథ పుస్తకం మూసేసి నీ మాటల్లో, మీ గుణుపూర్ యాసలోనే, పిల్లలకి చెప్పు. అమరం అంటే ఏంటని వాళ్ళడిగితే నువ్వే చెప్పగలవు.