విలన్ గురువు దాచుకున్న పాఠం: ఓ యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ నవల చదివేశాను. సగం ఇంట్లో, మిగతా సగం ఇక్కడ చెన్నై సాలిగ్రామంలో డబ్బింగ్ థియేటర్ బయట ఆర్టిస్ట్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తూ ఫోన్లోనే. అక్కా మొహమాటపడకుండా చెప్పు అన్నావు కాబట్టి చెప్తున్నా, నీ హీరో నాకు పెద్దగా గుర్తులేడు. వెలుగు కత్తి పట్టుకుంటాడు, గెలుస్తాడు, సరే. కానీ ఆ చీకటి గ్రహం మీద ముసలి గురువు, వాడి దగ్గర పెరిగిన ఆ పిల్ల, వాళ్ళిద్దరూ ఉన్న పేజీల దగ్గర మాత్రం ఆర్టిస్ట్ వచ్చేశాడని పిలిచినా లేవలేదు. అందుకే ఈ ఉత్తరం మొత్తం వాళ్ళ గురించే, హీరో సంగతి ఇంకోసారి చూద్దాం.

చివర్లో ఆ పిల్ల గురువుని పొడిచేస్తుంది కదా, ఎందుకు పొడిచింది? నాకు తెలిసినంతలో నీ సమాధానం ఒకటే, వాళ్ళు విలన్లు కాబట్టి. విలన్లు అయితే పొడుచుకోవాలని రూలేం లేదు. అసలు నువ్వు దాటేసిన ప్రశ్న అంతకుముందే ఉంది. రేపు నన్ను చంపేంత సత్తా ఈ పిల్లకొస్తుందని తెలిసి కూడా ఆ గురువు ఎందుకు నేర్పుతున్నాడు, నేర్పితే ఎంత నేర్పుతున్నాడు?

నువ్వు స్టార్ వార్స్ పిచ్చోడివి, బెంగళూరు మారతహళ్లి పీజీ గోడ మీద ఆ సినిమాల్లోని నల్ల ముసుగు విలన్ వేడర్ పోస్టర్ ఉందని నువ్వే చెప్పావు, కాబట్టి అక్కడి నుంచే వస్తా. సిత్‌లంటే అందులో చీకటి శక్తిని వాడే విలన్లు. సిత్‌లు ఎప్పుడూ ఇద్దరే ఉంటారు, ఒక గురువు ఒక శిష్యుడు అని 1999 సినిమా చివర్లో మంచివైపు గురువు యోడా ఒక్క ముక్క అనేసి ఊరుకుంటాడు. దానికి కారణం సినిమాలో లేదు, తర్వాత నవలల్లో డార్త్ బేన్ అనే పాతకాలం సిత్ కథగా వచ్చింది. పూర్వం సిత్‌లు వందల్లో ఉండేవాళ్ళు, వాళ్ళలో గట్టివాణ్ణి నలుగురు బలహీనులు కలిసి పడగొట్టేవాళ్ళు, ఆ నలుగురిలో ఒకడు పెద్దవాడయ్యేవాడు, వాడు ముందువాడి కంటే తక్కువవాడే కదా, అలా తరం తరానికీ దిగజారిపోయారు. బేన్ ఏం చేశాడంటే మొత్తం ఇద్దరికి కుదించేశాడు. అధికారం ఒకడి చేతిలో ఉంటుంది, రెండోవాడు దాని కోసం తపిస్తూ ఉంటాడు, ఎవరి సాయం లేకుండా ఒంటరిగా గురువుని చంపగలిగిన రోజు వాడే గురువు. చంపలేకపోతే వాడు పనికిరానివాడు, ఇంకొకణ్ణి వెతుక్కోవాలి.

దీని లెక్క చూశావా, గురువు రోజూ పొద్దున లేచి తన చావునే కొంచెం కొంచెం నేర్పుతున్నాడు. తక్కువ నేర్పితే పరంపర ఆగిపోతుంది, అంతా నేర్పేస్తే రేపటికి తను ఉండడు. మరి ఈరోజు ఎంత చెప్పాలి అనే ప్రశ్నే నీకు సీన్. నువ్వు మాత్రం ట్రైనింగ్ అంతా రాళ్ళు గాల్లోకి లేపడం, కత్తులు తిప్పడం, కొండలు ఎక్కించడంతో నింపేశావు, అవి చదువుతుంటే నాకు జిమ్ వీడియోలు గుర్తొచ్చాయి.

ఇప్పుడు సినిమాల్లో సిత్ గురువు పాల్పటీన్‌ని చూడు. 2005 సినిమాలో అనాకిన్‌ని, అంటే తర్వాత వేడర్ అయ్యే కుర్రాణ్ణి, పక్కన కూర్చోబెట్టుకుని ప్లేగస్ అనే సిత్ కథ చెప్తాడు, ఇంకొకళ్ళని చావు నుంచి కాపాడగలిగేవాడట, కానీ నిద్రలో ఉండగా సొంత శిష్యుడే చంపేశాడట. ఆ శిష్యుడు ఎవరో చెప్పడు. భార్య చచ్చిపోతుందనే భయంతో ఉన్న కుర్రాడికి ఇంతకంటే పెద్ద ఎర ఏముంటుంది. తీరా వాడు తన వైపు వచ్చేశాక మెల్లిగా అంటాడు, ఆ విద్య ఒక్కడికే వచ్చింది, మనిద్దరం కలిసి వెతికితే దొరుకుతుంది అని. అంటే తన దగ్గర లేనే లేని పాఠాన్ని చూపించి శిష్యుణ్ణి కొనుక్కున్నాడు! ఆ డైలాగ్ ఎంత నెమ్మదిగా వెళ్ళిపోతుందంటే చాలామంది గమనించరు కూడా. ఈ ఒక్క ఎత్తు కోసం నేను పాల్పటీన్‌ని విలన్లందరిలో పై వరసలో కూర్చోబెడతా, మెరుపులు విసరడం కోసం కాదు.

ఇంకోటి, పాల్పటీన్‌కి వారసుడు అక్కర్లేదు. బేన్ పెట్టిన ఏర్పాటులో గురువు చావడానికి ఒప్పుకోవాలి, ఈయన ఒప్పుకోడు. శిష్యుడు డార్త్ మాల్ పోయాడా, ఇంకో శిష్యుడు డూకూ వస్తాడు. డూకూ రెండు చేతులూ తెగి కూర్చుంటే చంపేయ్ అని అనాకిన్‌కే చెప్తాడు. అప్పుడు డూకూ నోటి నుంచి ఒక్క మాట రాదు, తల తిప్పి గురువు వైపు చూస్తాడు అంతే. అదే నీ నవల్లో అయితే అక్కడ పేజీన్నర ఏడుపు ఉండేది. మళ్ళీ 1983 సినిమాలో సరిగ్గా అదే ఆట, ఈసారి వేడర్ ఎదురుగానే వాడి కొడుకు ల్యూక్‌తో అంటాడు, మీ నాన్న స్థానం నువ్వు తీసుకో అని. డూకూ స్థానంలోకి తను ఎలా వచ్చాడో వేడర్‌కి తెలియదా? నువ్వు ఆ సీన్ మళ్ళీ చూడు, కత్తియుద్ధం వదిలేసి వేడర్ ఏం వింటున్నాడో చూడు.

శిష్యులు కూడా తక్కువవాళ్ళు కాదులే. 2002 సినిమాలో డూకూ తన దగ్గర బందీగా ఉన్న ఓబీ-వాన్‌కి, అంటే అనాకిన్ గురువుకి, నిజమే చెప్పేస్తాడు, సెనేట్ ఒక సిత్ చేతిలో ఉంది, నాతో కలువు వాణ్ణి పడగొడదాం అని. 1980 సినిమాలో వేడర్ ల్యూక్‌కి చెప్పింది కూడా ఇదే రకం. డూకూ వెంట్రెస్ అనే శిష్యురాలిని పెంచుతుంటే పాల్పటీన్ ఆమెని వదిలించుకో అని ఆర్డర్ వేస్తాడు, ఎందుకంటే శిష్యుడు తనకో శిష్యుణ్ణి వెతుక్కున్నాడంటే అర్థం గురువుకి తెలుసు కదా. నీ పిల్లకి మాత్రం నవల మొత్తంలో ఎవరూ లేరు, ఒక పనివాడు లేడు, దొంగచాటుగా రెండు ముక్కలు నేర్పించుకునే చిన్నపిల్లాడు కూడా లేడు. ఒకణ్ణి ఇవ్వు. గురువు కంట పడకుండా దాచమను. అప్పుడు ఆమె గురువులాగే మాట్లాడటం మొదలెడుతుంది, నువ్వు ప్రత్యేకంగా ఏం చెప్పక్కర్లేదు.

అన్నీ అక్కడివే చెప్తున్నా అనుకోకు, మన దగ్గర శుక్రాచార్యుడు ఉన్నాడు. రాక్షసుల గురువు, చచ్చినవాళ్ళని బతికించే విద్య ఆయనొక్కడికే తెలుసు. దాని కోసం శత్రువర్గం నుంచి బృహస్పతి కొడుకు కచుడు శిష్యుడిగా వచ్చి చేరతాడు, మన భాషలో చెప్పాలంటే స్పై. రాక్షసులు వాణ్ణి చంపుతూనే ఉంటారు, చివరికి కాల్చి ఆ బూడిద కల్లులో కలిపి గురువుకే తాగించేస్తారు. ఇప్పుడు శిష్యుడు కడుపులో ఉన్నాడు, బతికిస్తే కడుపు చీల్చుకుని రావాలి, వస్తే గురువు పోతాడు. బతకాలంటే ఒకటే దారి, ఇంతకాలం ఎవరికీ చెప్పని విద్యని కడుపులో ఉన్నవాడికి చెప్పాలి. చెప్తాడు. వాడు బయటకొచ్చి చచ్చిన గురువుని బతికిస్తాడు. పాల్పటీన్ అయితే చెప్పేవాడా, డూకూ అయితే బతికించేవాడా? నన్నయ భారతం ఆదిపర్వంలో ఉంది, టీవీలో చూశానులే అని తప్పించుకోకుండా పద్యాలు పెట్టుకుని చదువు. ఆ గురువు కూతురు దేవయాని కచుడికి ఇచ్చే శాపం దాకా చదువు, నేర్చిన విద్య వాడికి పని చెయ్యదు గానీ వాడు నేర్పినవాళ్ళకి పని చేస్తుంది, ఇలాంటి మెలిక నీ గ్రహం మీద ఒక్కటి పడితే చాలు.

పాతాళభైరవి (1951)లో నేపాళ మాంత్రికుడికి సదాజపుడు అనే శిష్యుడు ఉంటాడు గుర్తుందా, చచ్చిన గురువుని మళ్ళీ లేపేది వాడే.  సదాజపుడు నవ్విస్తాడు, కానీ వాడి నమ్మకం వల్ల ఆ మాంత్రికుడికి ఒక ఇల్లు ఉన్నట్టు అనిపిస్తుంది. నీ ముసలాడికి ఇల్లే లేదు. ఏం తింటాడు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఆ పిల్లే కదా చూడాలి. చంపబోయే మనిషికి గంజి కాచి పెట్టే ఆడపిల్లని ఎవరైనా పక్కన పడేస్తారా?

ఇక చెన్నైలో సినిమావాళ్ళుండే మా కోడంబాక్కం సంగతి ఒకటి చెప్తా, పనికొస్తుందేమో. ఇక్కడ పెద్ద రైటర్ దగ్గర అసిస్టెంట్లు సీన్లు రాస్తారు, డైలాగ్ వెర్షన్లు రాస్తారు, అన్నీ నేర్పుతాడు పాపం. కానీ ప్రొడ్యూసర్‌కి కథ చెప్పడానికి మాత్రం ఒక్కడే వెళ్తాడు. గది తలుపు మూసేస్తారు. అసిస్టెంట్ బయట టీ తాగుతూ లోపల నవ్వులు వింటూ ఉంటాడు. రాయడం అందరికీ నేర్పినా పర్లేదు, అమ్మడం నేర్పితే రేపు తన కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. నీ గురువుకి కూడా అలాంటి తలుపు ఒకటి కావాలి. కత్తి, మంత్రం, ఓడ నడపడం అన్నీ నేర్పనీ, ఒక్కటి నేర్పడు. అదేంటో నాకు చెప్పొద్దు, నువ్వు తేల్చుకో. ఆమె మొదట్లో అడగదు, తర్వాత అడుగుతుంది, ఆయన మాట మార్చేస్తాడు, ఇంకెప్పుడూ అడగదు. అడగడం మానేసిన చాప్టర్ నుంచే పాఠకుడికి భయం మొదలవ్వాలి, అందుకే ఆ చాప్టర్‌లో గొడవ పెట్టకు, మామూలుగా భోజనం చేయించు.

డైలాగుల విషయం. 'నేను నీ గురువుని, నన్నే ఎదిరిస్తావా', ఇది తీసెయ్. ఆ వికటాట్టహాసాలు కూడా, మైక్ ముందు ఆర్టిస్టులు నవ్వీ నవ్వీ గొంతు పోగొట్టుకుంటుంటే రోజూ చూస్తున్నా. పాల్పటీన్ అనాకిన్‌తో మాట్లాడేటప్పుడు సగం మాటలు పొగడ్తలే, గమనించు. నీ ముసలాడు కూడా ఆమెని మెచ్చుకోవాలి, ఆమె తండ్రి ఎప్పుడూ మెచ్చుకోని విషయానికి మెచ్చుకోవాలి.

పేర్లు మార్చు. డార్త్ అనే బిరుదు స్టార్ వార్స్ వాళ్ళది, దాని జోలికి వెళ్ళకు, అలాగని అంధకారాసురుడు, తమోభైరవుడు లాంటివీ వద్దు, మీ ఊళ్ళో ముసలాళ్ళ పేర్లు నాలుగు గుర్తు తెచ్చుకుని అందులోంచి ఒకటి విరిచి వాడు. మూడో చాప్టర్ నుంచి మళ్ళీ రాసి వర్డ్ ఫైల్ పంపు, పీడీఎఫ్ అయితే నేను మార్కింగ్ చెయ్యలేను, ఆ గంజి సీన్ మాత్రం ముందు రాసి పంపు, మిగతాది మెల్లిగా అయినా పర్లేదు.

మీ అక్క,
చెన్నై